కొత్త ఇంట్లో నిర్మాణ లోపాలు: పూత పడకముందే పట్టుకోవాలి, కాగితం మీద పెట్టుకోవాలి

గృహప్రవేశం నాడు నిగనిగలాడిన గోడ మొదటి వానాకాలం దాటేసరికి చెమ్మకు ఉబ్బుతుంది. స్నానాల గది కింద ఉన్న గదిలో శ్లాబుకు మరక పడుతుంది. తలుపు చట్రం మూల నుంచి ఒక పగులు ఏటవాలుగా పైకి పాకుతుంది. జీవితకాలపు పొదుపుకు దీర్ఘకాలిక బ్యాంకు రుణం జోడించి కట్టించుకున్న ఇంట్లో ఇలాంటివి కనిపిస్తే యజమానికి మొదట కలిగేది ఆందోళన, ఆ వెంటనే ఎదురయ్యేది నిస్సహాయత. అప్పటికే మూడు అవకాశాలు చేజారి ఉండటమే ఇందుకు కారణం. లోపానికి మూలమైన భాగం సిమెంటు పూత వెనుకో టైల్స్ కిందో కప్పబడి ఉంటుంది. చివరి బిల్లు చెల్లింపు పూర్తయి ఉంటుంది. గుత్తేదారు మరోచోట మరో పనిలో ఉంటాడు.

నిర్మాణ లోపాలను ఎదుర్కోవడమంటే ప్రధానంగా ఈ మూడింటినీ చేజారనివ్వకపోవడమే. కప్పబడక ముందే పనిని పరిశీలించాలి, కొంత సొమ్ము నిలిపి ఉంచుకోవాలి, ఎవరి బాధ్యత ఏమిటో రాతపూర్వకంగా ఉండాలి. చట్టం యజమాని పక్షాన ఉన్నా, ఆ రక్షణ అందాలంటే ఆధారం యజమాని చేతిలోనే ఉండాలి.

కట్టించుకున్న ఇల్లా, కొన్న ఇల్లా?

మొదట తేల్చుకోవలసిన ప్రశ్న ఇది. బిల్డరు నుంచి కొన్న ఫ్లాటుకు, విల్లాకు 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం, అంటే వాడుకలో ‘రెరా’, అండగా నిలుస్తుంది. సొంత స్థలంలో గుత్తేదారు చేత కట్టించుకున్న ఇంటికి ఆ చట్టం వర్తించదు. అక్కడ అమ్మకం లేదు. యజమాని ఒక సేవను కొనుగోలు చేస్తున్నాడు. ఏ లోపం వచ్చినా రెరాకు వెళ్లవచ్చన్న భావన చాలామందిలో ఉంది కాబట్టి ఈ తేడాను గుర్తించడం అవసరం. సొంతంగా కట్టించుకున్నవారికి ఆధారం గుత్తేదారుతో కుదిరిన ఒప్పందం, 1872 నాటి భారత ఒప్పందాల చట్టం, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం.

సొంత నిర్మాణంలోనూ రెండు పద్ధతులు ఉన్నాయి. సామానుతో సహా చదరపు అడుగుకు ఇంత అని మాట్లాడుకోవడం మొదటిది. సిమెంటు, ఇసుక, ఇనుము యజమానే తెచ్చి, కూలి పనిని మాత్రమే గుత్తకు ఇవ్వడం రెండోది. రెండో పద్ధతిలో ఖర్చు కొంత కలిసివచ్చినా బాధ్యత చీలిపోతుంది. గోడకు చెమ్మ వస్తే ‘మీరు తెచ్చిన ఇసుకలోనే ఉప్పుంది’ అని మేస్త్రీ అంటాడు. ‘నువ్వు సరిగా తడపలేదు’ అని యజమాని అంటాడు. ఈ వాదనలో నిలబడాలంటే సిమెంటు, ఇనుము బిల్లులు, సిమెంటు బస్తా మీద ముద్రించిన తయారీ వారం, ఇసుక ఎక్కడి నుంచి వచ్చిందన్న వివరం యజమాని దగ్గర భద్రంగా ఉండాలి. మూడు నెలలకు మించి నిల్వ ఉన్న సిమెంటు బలం తగ్గే అవకాశం ఉంది కనుక ఆ తేదీ కేవలం లాంఛనం కాదు.

ఒప్పందంలో ఉండవలసినవి

తెలిసిన మేస్త్రీయే కదా అని నోటిమాటతో పని మొదలుపెట్టడం మన ఊళ్లలో సాధారణం. పరిచయం ఎంత పాతదైనా, ఒప్పందం రాసుకోవడం ఇద్దరికీ మేలు చేస్తుంది. నక్షాతో పాటు స్ట్రక్చరల్ ఇంజినీరు ఇచ్చిన డ్రాయింగులు, కాంక్రీటు గ్రేడు, వాడవలసిన సిమెంటు, ఇనుము రకాలు, మిద్దెకు, స్నానాల గదులకు చేయవలసిన వాటర్‌ప్రూఫింగ్ పద్ధతి ఒప్పందంలో భాగం కావాలి. ‘మంచి నాణ్యతతో’ అన్న మాటకు వివాదంలో విలువ తక్కువ. ‘ఎం20 గ్రేడు కాంక్రీటు’ అన్న మాటను కొలిచి నిరూపించవచ్చు.

చెల్లింపులు పని దశలను అనుసరించి ఉండాలి. పునాది, ప్లింత్ బీమ్, శ్లాబు, గోడలు, పూత, టైల్స్, రంగులు అనే దశల్లో ఏ దశకు సొమ్ము ఆ దశ పూర్తయి, పరిశీలన జరిగాకే ఇవ్వాలి. ప్రభుత్వ పనుల్లో గుత్తేదారు బిల్లు నుంచి కొంత శాతం పూచీ కింద మినహాయించుకొని, లోపాల బాధ్యత గడువు ముగిశాక తిరిగి ఇచ్చే పద్ధతి ఉంది. సొంతింటి ఒప్పందంలోనూ ఆ షరతు పెట్టుకోవచ్చు. ఉదాహరణకు 30 లక్షల రూపాయల పనిలో 5 శాతం నిలిపితే లక్షన్నర రూపాయలవుతుంది. ఆ గడువులో కనీసం ఒక పూర్తి వానాకాలం ఉండేలా చూసుకోవాలి. మిద్దె, పిట్టగోడ, కిటికీల లోపాలను బయటపెట్టేది వర్షమే. అయితే ఈ షరతు ముందే రాసుకోవాలి. పని ముగిశాక ఏకపక్షంగా సొమ్ము ఆపితే వివాదంలో తప్పు యజమాని వైపే ఉన్నట్టు కనిపించే ప్రమాదం ఉంది.

కప్పబడక ముందు చూడవలసినవి

పునాది: తవ్విన నేల స్వభావాన్ని బట్టి పునాది రకం నిర్ణయించాలి. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది. ఆ కదలిక ఏటా ఇంటిని ఎత్తి దించుతుంది. అలాంటి నేలల కోసమే అడుగున ఉబ్బెత్తుగా వెడల్పు చేసిన పైల్ పునాదులను రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసింది. పక్కింటివారు వేసిన పునాదినే మనమూ వేసుకోవడం కన్నా మట్టి పరీక్ష చేయించుకోవడం మేలు.

ఇనుము: కడ్డీల చుట్టూ ఉండే కాంక్రీటు మందాన్ని ‘కవర్’ అంటారు. గాలి, తేమ ఇనుమును చేరకుండా కాపాడేది ఇదే. భారత ప్రమాణం ఐఎస్ 456:2000 ప్రకారం సాధారణంగా స్తంభాలకు 40 మి.మీ., పునాది దిమ్మెలకు 50 మి.మీ., మామూలు వాతావరణంలో శ్లాబులకు 20 మి.మీ. కవర్ ఉండాలి. కంకర రాళ్లను అడ్డం పెట్టి కడ్డీలను ఎత్తడం ఇందుకు సరిపోదు. తగిన మందం గల కవర్ బ్లాకులు వాడాలి. కాంక్రీటు పోయడానికి ముందు రోజే ఇంజినీరు కడ్డీల లెక్కను డ్రాయింగుతో సరిచూడాలి.

నీరు: ఇదే ప్రమాణం ప్రకారం ఇనుము వాడే కాంక్రీటులో కలిపే నీటిలో క్లోరైడులు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదు. తీరప్రాంత జిల్లాల్లో బోరు నీటిని, ఇసుకను పరీక్షించకుండా వాడితే ఇల్లు కట్టిన నాడే తుప్పుకు బీజం పడినట్టే. మరో అలవాటు ఇంతకన్నా సాధారణం: పోయడం సులువు కావాలని మిక్సర్‌లో అదనంగా నీళ్లు గుమ్మరిస్తారు. అలా పలచబడిన కాంక్రీటు గట్టిపడినట్టే కనిపిస్తుంది గానీ దాని బలం తగ్గుతుంది.

క్యూబు పరీక్ష: శ్లాబు పోసేటప్పుడే అదే కాంక్రీటును 150 మి.మీ. అచ్చుల్లో నింపి, 28 రోజుల తర్వాత ప్రయోగశాలలో పరీక్షిస్తారు. ఇంటి మొత్తం ఖర్చులో ఇది అతి స్వల్పం. తరువాతి కాలంలో కాంక్రీటు నాణ్యతపై వివాదం వస్తే ఈ నివేదికకు మించిన సాక్ష్యం యజమానికి దొరకదు.

తడపడం: మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, మిశ్రమ సిమెంట్లకు, వేడి పొడి వాతావరణానికి కనీసం 10 రోజులు తడపాలని ప్రమాణం చెబుతోంది. మిశ్రమ సిమెంటుతో ఎండల్లో పనిచేస్తే 14 రోజులు మంచిది. ఉదయం సాయంత్రం పైపుతో చిలకరిస్తే చాలదు. శ్లాబు మీద మళ్లు కట్టి నీరు నిలపాలి, స్తంభాలకు గోనెపట్టాలు చుట్టాలి.

సెంట్రింగ్: తీసిన వెంటనే, పూత వేయక ముందే, బీములు, స్తంభాల అడుగు భాగాలను చూడాలి. కంకర బయటపడి, మధ్యలో ఖాళీలతో తేనెతుట్టెలా కనిపిస్తే అక్కడ కాంక్రీటు సరిగా కూరలేదని అర్థం. దాన్ని సిమెంటుతో మెత్తి దాచడం మరమ్మతు కాదు. ఇంజినీరు చూసి ఖాళీల లోతును తేల్చాక తగిన గ్రౌటింగు చేయించాలి. ఈ దశలన్నింటిలోనూ తేదీతో ఫొటోలు తీయాలి. గోడల్లో పైపులు, వైర్లు వెళ్లిన దారులనూ పూతకు ముందే ఫొటో తీసి ఉంచుకుంటే తరువాత లీకేజీ ఎక్కడుందో వెతకడం తేలికవుతుంది.

పగుళ్లన్నీ ఒకటి కావు

పగులు అన్న ఒక్క మాటను తెలుగులో పూత మీది వెంట్రుకవాసి గీతకూ వాడతాం, బీమును చీల్చిన నెర్రెకూ వాడతాం. ఫిర్యాదులో మాత్రం ఈ తేడా చెప్పి తీరాలి. భారతీయ ప్రమాణాల సంస్థ భవనాల పగుళ్లపై 1984లో వెలువరించిన ‘ఎస్‌పీ 25’ కరదీపిక వాటిని వెడల్పును బట్టి మూడుగా విభజించింది: 1 మి.మీ. లోపు సన్ననివి, 1 నుంచి 2 మి.మీ. వరకు మధ్యరకం, 2 మి.మీ. దాటితే వెడల్పైనవి. అయితే వెడల్పు ఒక్కటే చాలదు. స్థానం, దిశ కూడా ముఖ్యం.

పూత మీద సాలెగూడులా అల్లుకున్న సన్నని గీతలు పూత త్వరగా ఆరిపోవడం వల్ల, సిమెంటు ఎక్కువ కావడం వల్ల వస్తాయి. వీటితో అందానికే గానీ సాధారణంగా ఇంటి బలానికి ముప్పు లేదు. స్తంభానికీ ఇటుక గోడకూ మధ్య నిట్టనిలువుగా వచ్చే గీత రెండు వేర్వేరు పదార్థాలు వేర్వేరుగా వ్యాకోచించడం వల్ల ఏర్పడుతుంది. పూతకు ముందు ఆ అతుకు మీద చికెన్ మెష్ బిగించి ఉంటే చాలావరకు నివారించగలిగేది.

తలుపు, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా సాగేవి, ఇటుకల వరుసల వెంట మెట్లుమెట్లుగా దిగేవి పునాది కదలికను సూచించవచ్చు. బీము అడుగున కడ్డీల వెంబడి పొడవుగా వచ్చి, తుప్పు రంగు మరకతో ఉన్నవి ఇనుము తుప్పు పడుతోందనడానికి గుర్తు. తుప్పు అసలు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతుంది. బీము స్తంభంతో కలిసే చోట ఏటవాలు పగులు కనిపిస్తే ఆలస్యం చేయకుండా స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవాలి.

పగులు ఆగిపోయిందా, ఇంకా పెరుగుతోందా అన్నది తెలుసుకోవడానికి ఒక పాత పద్ధతి ఉంది. పగులుకు అడ్డంగా సన్నని గాజు పలకను రెండు వైపులా అతికించి తేదీ రాయాలి. కొన్ని వారాల్లో గాజు పగిలితే కదలిక కొనసాగుతున్నట్టే. పెరుగుతున్న పగులును పుట్టీతో పూడ్చడం వల్ల ప్రయోజనం లేకపోగా, ఆధారం చెరిగిపోతుంది.

చెమ్మకు దారి ఎక్కడ?

చెమ్మ కనిపించే చోటు ఒకటి, నీరు ప్రవేశించే చోటు మరొకటి కావచ్చు. నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకు గోడ తడిసి, ఉప్పు పేరుకుంటుంటే ప్లింత్ స్థాయిలో చెమ్మ నిరోధక పొర లోపించి ఉండవచ్చు. వాన పడిన రోజుల్లోనే పైకప్పు తడిస్తే మిద్దె వాలును, పిట్టగోడ అతుకును అనుమానించాలి. వానతో సంబంధం లేకుండా ఏడాది పొడవునా ఒకే చోట తడి ఉంటే అది పైపు లీకేజీయో, స్నానాల గది అడుగు పొర లోపమో కావచ్చు.

టైల్స్ వేయక ముందే స్నానాల గది గుంతలోనూ, వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక మిద్దె మీదా 24 నుంచి 48 గంటలు నీరు నిలిపి కింద తడి వస్తోందేమో చూడటం తేలికైన పరీక్ష. టైల్స్ వేశాక నాణెంతో తట్టి చూడాలి. బోలు శబ్దం వస్తే అడుగున మాలు సరిగా పట్టలేదని అర్థం.

లోపం కనిపించిన వెంటనే

మొదట నమోదు, తరువాతే మరమ్మతు. పగులు పక్కన స్కేలు పెట్టి దగ్గరి నుంచి ఒకటి, గది మొత్తం కనిపించేలా ఒకటి ఫొటోలు తీయాలి. ‘ఇల్లంతా పగుళ్లిచ్చింది’ అని రాసిన ఫిర్యాదుకు జవాబు దాటవేయడం సులువు. ‘ఉత్తరపు పడకగది, కిటికీ ఎడమ పైమూల నుంచి బీము దాకా, పొడవు 4 అడుగులు, వెడల్పు 2 మి.మీ., మొదట చూసిన తేదీ ఇది’ అని రాస్తే జవాబు చెప్పక తప్పదు.

గుత్తేదారుకు లేదా బిల్డరుకు లిఖితపూర్వకంగా తెలియజేసి, వచ్చి చూడటానికి, సరిచేయడానికి సమంజసమైన గడువు ఇవ్వాలి. ఫోనులో మాట్లాడినా, అదే విషయాన్ని ఈమెయిలు, వాట్సాప్, స్పీడ్ పోస్టు ద్వారా పంపడం మరవకూడదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ సందేశాలను నిర్ణీత ధ్రువపత్రంతో సాక్ష్యంగా సమర్పించవచ్చు. కాబట్టి ఫోను మార్చినప్పుడు పాత సంభాషణలు పోకుండా చూసుకోవాలి.

అవతలివారు స్పందించకపోతే స్వతంత్ర ఇంజినీరు చేత కారణం, మరమ్మతు విధానం, అంచనా ఖర్చుతో నివేదిక తీసుకోవాలి. రీబౌండ్ హామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలు కాంక్రీటును పగలగొట్టకుండానే నాణ్యతను అంచనా వేస్తాయి. అనుమానం బలంగా ఉంటే కాంక్రీటు నుంచి చిన్న స్తూపం కోసి తీసే కోర్ పరీక్ష జరుపుతారు. ఆ తరువాత వేరేవారితో మరమ్మతు చేయించినా బిల్లులు, ముందు వెనుకల ఫొటోలు ఉంచుకోవాలి. కేసు కోసమని లోపాన్ని అలాగే పెరగనివ్వడమూ మంచిది కాదు. నష్టాన్ని లెక్కించేటప్పుడు, దాన్ని నివారించే మార్గాలు అందుబాటులో ఉన్నాయా అన్నదీ పరిగణించాలని ఒప్పందాల చట్టం సెక్షన్ 73 చెబుతోంది.

చట్టం ఏమంటోంది?

రెరా చట్టం సెక్షన్ 14(3) ప్రకారం, ఫ్లాటు స్వాధీనం చేసిన తేదీ నుంచి 5 ఏళ్లలోపు లోపాన్ని బిల్డరు దృష్టికి తెస్తే, అదనపు రుసుము లేకుండా 30 రోజుల్లో సరిచేయాలి. లేకుంటే కొనుగోలుదారు పరిహారానికి అర్హులు. చట్టం వాడిన భాష విశాలమైనది. నిర్మాణ పటిష్ఠతకు సంబంధించిన లోపాలతో పాటు పనితనం, నాణ్యత, సేవల కల్పనలో లోపాలు కూడా అందులో ఉన్నాయి. కాబట్టి ‘స్తంభాలకే మా హామీ, లీకేజీలకు కాదు’ అన్న వాదన నిలవదు. ఒప్పందంలో ఏడాది హామీ అని మాత్రమే రాసినా చట్టం ఇచ్చిన ఐదేళ్లు తగ్గవు. అయితే కొనుగోలుదారు స్వయంగా గోడలు తొలగించడం వంటి మార్పులు చేసి ఉంటే బిల్డరుకు తప్పించుకునే అవకాశం చిక్కుతుంది. 500 చదరపు మీటర్లకు, అంటే దాదాపు 600 చదరపు గజాలకు మించని స్థలంలో కట్టినవి లేదా 8 ఫ్లాట్లకు మించనివి రెరా నమోదు నుంచి మినహాయింపు పొందాయి. చిన్న అపార్ట్‌మెంట్లలో కొనేవారు ఈ విషయం ముందే చూసుకోవాలి.

వినియోగదారుల చట్టం రెండు కోవల ఇళ్లకూ వర్తిస్తుంది. గృహ నిర్మాణం ‘సేవ’ కిందికే వస్తుందని లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు 1993లో స్పష్టం చేసింది. ప్రస్తుత చట్టం నిర్వచనంలోనూ గృహ నిర్మాణం ఉంది. రెరా ఉన్నప్పటికీ ఫ్లాటు కొన్నవారు వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చని సుప్రీంకోర్టు 2020లో మరో తీర్పు ఇచ్చింది. చెల్లించిన ప్రతిఫలం 50 లక్షల రూపాయల వరకు ఉంటే జిల్లా కమిషన్‌లో, 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్‌లో, ఆపైన జాతీయ కమిషన్‌లో ఫిర్యాదు చేయాలి. 5 లక్షల వరకు రుసుము లేదు. 10 లక్షల వరకు 200, 20 లక్షల వరకు 400, 50 లక్షల వరకు 1,000 రూపాయలు చెల్లించాలి. న్యాయవాది తప్పనిసరి కాదు. తాము నివసించే లేదా పనిచేసే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు కనుక, ఇల్లు సొంతూరిలో ఉండి ఉద్యోగం మరో రాష్ట్రంలో చేసుకుంటున్న తెలుగువారికి ఇది పెద్ద వెసులుబాటు. ‘ఈ-జాగృతి’ పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. సలహా కోసం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915ను సంప్రదించవచ్చు.

గడువు మాత్రం గుర్తుంచుకోవాలి. వ్యాజ్య కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలో కమిషన్‌కు వెళ్లాలి. ఒప్పంద ఉల్లంఘనకు సివిల్ కోర్టులో పరిహారం కోరడానికి మూడేళ్ల గడువు ఉంది. ‘వచ్చే నెల వస్తా, చేస్తా’ అన్న హామీలతో ఈ కాలం కరిగిపోకూడదు. సుదీర్ఘ సాక్ష్య విచారణ అవసరమైన వివాదాలను సివిల్ కోర్టులో తేల్చుకోవాలని కమిషన్లు సూచించే సందర్భాలూ ఉంటాయి. ఇంజినీరు నివేదిక స్పష్టంగా ఉంటే ఆ అవకాశం తగ్గుతుంది.

అందానికి సంబంధించిన విషయం కాదు

గురుగ్రామ్ సెక్టార్ 109లోని ఒక బహుళ అంతస్తుల నివాస సముదాయంలో 2022 ఫిబ్రవరి 10న ఒక టవరులోని ఫ్లాట్ల అంతస్తులు ఒకదానిపై ఒకటి కూలి ఇద్దరు మహిళలు మరణించారు. ఆ భవనాన్ని పరిశీలించిన ఐఐటీ ఢిల్లీ నిపుణులు, నిర్మాణ సమయంలోనే కాంక్రీటులో చేరిన క్లోరైడుల వల్ల కడ్డీలు వేగంగా తుప్పు పట్టాయని తేల్చారు. పైకి కనిపించని లోపం ఎంతదూరం వెళ్లగలదో ఆ ఘటన చెబుతోంది. శ్లాబు కిందికి వంగినట్టు కనిపించినా, కాంక్రీటు పెచ్చులు ఊడి కడ్డీలు బయటపడినా, తలుపులు ఉన్నట్టుండి బిగుసుకుపోతున్నా ముందు ఆ భాగాన్ని ఖాళీ చేయాలి. ఎవరిది తప్పన్నది ఆ తరువాత తేల్చుకోవచ్చు.

చాలా ఇళ్లలో పరిస్థితి అంతదాకా వెళ్లదు. సకాలంలో ఒక ఇంజినీరును పిలవడం, ఒక క్యూబు పరీక్ష చేయించడం, నాలుగు పేజీల ఒప్పందం రాసుకోవడం, పూతకు ముందు ఫొటోలు తీయడం వల్ల అధిక భాగం లోపాలు మొదట్లోనే ఆగుతాయి. ఆగని వాటికి బాధ్యులెవరో తేల్చడానికి ఆ కాగితాలే ఉపయోగపడతాయి. పని మొదలైన రోజే వాటికోసం ఒక ఫైలు తెరవాలి.